“డిస్మిస్ అయినవాళ్లకు పైసా రాదు” అంటే నమ్మకండి

ప్రశ్న: మా ఆయన మా ఊరి మున్సిపాలిటీలో పర్మనెంటు పారిశుధ్య కార్మికుడు. 1996లో చేరారు. 2019 జనవరిలో పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కాలు పడిపోయాయి. మా అబ్బాయి సెలవు కాగితం తీసుకెళ్లి శానిటరీ ఇన్‌స్పెక్టర్ చేతికిచ్చాడు, రసీదు ఇవ్వలేదు. ఆ సెప్టెంబర్‌లో సదరం క్యాంపులో 70 శాతం వైకల్యం అని సర్టిఫికెట్ ఇచ్చారు. 2020 ఆగస్టులో, అనుమతి లేకుండా ఏడాదికి పైగా డ్యూటీకి రాలేదని డిస్మిస్ చేసినట్టు ఆర్డరు వచ్చింది. విచారణకు మమ్మల్ని ఎవరూ పిలవలేదు. మేం ఖాళీ చేసిన పాత ఇంటి తలుపుకి నోటీసు అంటించారట. అక్టోబర్‌లో పై అధికారికి రిజిస్టరు పోస్టులో అప్పీలు పంపాం. ఇప్పటిదాకా జవాబు లేదు. ఎనిమిది నెలల కిందట ఆయన పోయారు. ఆఫీసులో అడిగితే “డిస్మిస్ అయినవాళ్లకు పైసా రాదు” అంటున్నారు. పీఎఫ్ డబ్బు మాత్రం ఇస్తాం, ఇక ఏ క్లెయిమూ లేదని రాసిన ఈ కాగితం మీద వేలిముద్ర వెయ్యమంటున్నారు. నేను అదే మున్సిపాలిటీలో ఆప్కాస్ (ప్రభుత్వ ఔట్‌సోర్సింగు సంస్థ) కింద పని చేస్తున్నాను. కేసు వేస్తే నా పని కూడా పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. మాకు ఏమైనా వస్తుందా?
– ఒక పాఠకురాలు, ఆంధ్రప్రదేశ్

సమాధానం:

అమ్మా, ముందుగా ఒక్క మాట. ఆ కాగితం మీద వేలిముద్ర వెయ్యకండి. పీఎఫ్ అనేది మీ ఆయన జీతంలోంచి నెలనెలా కోసి దాచిన సొమ్ము. అది ఆఫీసు ఇచ్చేది కాదు, ఆయనదే. అప్పులవాళ్లు కోర్టుకెళ్లి జప్తు చేద్దామన్నా ప్రభుత్వ ప్రావిడెంట్ ఫండ్ జోలికి వెళ్లనివ్వకుండా 1925 నాటి చట్టం కాపాడుతుంది. అలాంటి డబ్బు ఇవ్వడానికి “మిగతావన్నీ వదులుకుంటున్నాను” అని రాయించుకోవడం అన్యాయం. గ్రూప్ ఇన్సూరెన్సు కింద ఆయన జీతంలో కోతలు పడి ఉంటే అందులోని పొదుపు భాగం కూడా ఇలాంటిదే. ఈ రెండింటికీ విడిగా దరఖాస్తు రాసి ఇచ్చి, రెండో కాపీ మీద ఇన్‌వార్డు ముద్ర, తేదీ వేయించుకోండి. రసీదు లేకుండా సెలవు కాగితం ఇవ్వడం వల్ల ఏమైందో చూశారు కదా, ఇక మీదట ఏ కాగితమూ అలా ఇవ్వొద్దు. వాళ్లు మరీ పట్టుబడితే “పీఎఫ్ మొత్తం మాత్రమే తీసుకుంటున్నాను, మిగతా హక్కులు వదులుకోవడం లేదు” అని మీ అబ్బాయి చేత రాయించి, దాని కింద వేలిముద్ర వెయ్యండి.

ఇప్పుడు అసలు సంగతి. ఆఫీసువాళ్లు చెప్పిన మాటలో సగం నిజం ఉంది, అందుకే అంతమంది నమ్మేస్తారు. డిస్మిస్ అయితే పింఛన్ రూల్స్ ప్రకారం పాత సర్వీసు రద్దవుతుంది, పింఛను పోతుంది, దాచుకున్న సెలవులకు డబ్బు రాదు. ఇంతవరకు నిజమే. కానీ డిస్మిస్ ఆర్డరుతో పని లేకుండా వచ్చే డబ్బు వేరే ఉంది. ఆర్డరు కొట్టేస్తేనే వచ్చే డబ్బు వేరే. ఈ రెంటినీ కలిపి ఒకే మూటగా చూడటం వల్లే చాలా కుటుంబాలు మోసపోతున్నాయి. కేసు తేలేదాకా ఆగుదామని మొదటి రకం డబ్బు కూడా అడగకుండా ఏళ్లకేళ్లు గడిపేస్తారు. మీరు అలా చెయ్యొద్దు. మొదటిది ఈ నెలలోనే అడగండి. రెండోదాని కోసం పోరాటం పక్కన సాగనివ్వండి.

మొదటి రకంలో పెద్దది గ్రాట్యుటీ, అంటే ఉద్యోగం ముగిసినప్పుడు సర్వీసు ఏళ్ల లెక్కన ఇచ్చే మొత్తం. 1972 గ్రాట్యుటీ చెల్లింపు చట్టం స్థానిక సంస్థలకు కూడా వర్తిస్తుందని కేంద్ర ప్రభుత్వం 1982 జనవరిలోనే నోటిఫికేషన్ ఇచ్చింది. “మాకు పింఛన్ రూల్స్ ఉన్నాయి, ఆ చట్టం మాకు కాదు” అని ఢిల్లీ మున్సిపల్ కార్పొరేషన్ వాదిస్తే సుప్రీంకోర్టు 1998లో ఒప్పుకోలేదు. కాన్పూర్ నగర్ నిగమ్ కేసులో 2019లో మళ్లీ అదే చెప్పింది. కాబట్టి మీ మున్సిపాలిటీ ఈ విషయంలో కొత్తగా వాదించడానికి ఏమీ మిగల్లేదు.

ఈ చట్టంలో సెక్షన్ 4(6) మీకు చాలా ముఖ్యం. ఉద్యోగంలోంచి తీసేసినవాడి గ్రాట్యుటీని ఎప్పుడు ఆపవచ్చో అందులో రాసి ఉంది. అతని వల్ల ఆస్తికి నష్టం జరిగితే ఆ నష్టం మేరకు ఆపవచ్చు. కొట్లాట, హింస లాంటి పని చేసి ఉద్యోగం పోగొట్టుకున్నా, డ్యూటీలో ఉండగా నీతిబాహ్యమైన నేరం చేసి పోగొట్టుకున్నా మొత్తంగానో కొంతగానో ఆపవచ్చు. అంతే. డ్యూటీకి రాకపోవడం ఆ జాబితాలో లేదు. మీరు పంపిన ఆర్డరు కాపీలో గైర్హాజరు తప్ప మరో ఆరోపణ లేదు, మున్సిపాలిటీకి నష్టం జరిగిందన్న మాట ఒక్కటి కూడా లేదు. అంటే ఆ డిస్మిస్ ఆర్డరు రేపు కోర్టులో నిలబడినా సరే, మీ ఆయన గ్రాట్యుటీ మీకు రావలసిందే.

లెక్క కూడా చెబుతాను. చివరి నెల బేసిక్, డీఏ కలిపి తీసుకుని 15తో హెచ్చించి 26తో భాగిస్తే ఒక ఏడాదికి ఎంతో వస్తుంది. దాన్ని సర్వీసు ఏళ్లతో హెచ్చించాలి. ఉదాహరణకు ఆ మొత్తం 26,000 అనుకుంటే ఏడాదికి 15,000, 24 ఏళ్లకు 3,60,000 రూపాయలు. ఉద్యోగం పోయిన 30 రోజుల్లో ఇవ్వాలి. ఆలస్యం ఉద్యోగి తప్పు వల్ల జరగకపోతే ఏడాదికి 10 శాతం సాధారణ వడ్డీ కలుస్తుంది. ఐదేళ్లు దాటిందంటే పై ఉదాహరణలో వడ్డీయే 1,80,000 పైన. మంచం పట్టి ఉన్న ఏడాదిన్నరను సర్వీసులోంచి తీసేస్తామని ఆఫీసు అనవచ్చు. ఆ కాలాన్ని సర్వీసు బ్రేక్‌గా పరిగణిస్తూ రూల్స్ ప్రకారం విడిగా ఆర్డరు ఇచ్చి ఉంటే తప్ప అది చెల్లదు.

ఎలా అడగాలంటే, నామినీగా మీ పేరు ఉంటే ఫారం ‘జె’, లేకపోతే వారసులుగా ఫారం ‘కె’ నింపి కమిషనర్‌కి ఇవ్వండి. ఇవ్వకపోతే, తిరస్కరిస్తే, ఫారం ‘ఎన్’తో కార్మిక శాఖ సహాయ కమిషనర్ దగ్గరికి వెళ్లండి. ఈ చట్టం కింద తీర్పు చెప్పే అధికారి ఆయనే. గడువు దాటింది కదా అంటారు. దాటినా సరైన కారణం చూపితే తీసుకోవచ్చని రూల్స్‌లోనే ఉంది. పక్షవాతం, మరణం కన్నా సరైన కారణం ఇంకేం కావాలి? 2025 నవంబర్ 21 నుంచి గ్రాట్యుటీ సామాజిక భద్రతా కోడ్‌లోకి వెళ్లింది కానీ, మీ ఆయనకు హక్కు పుట్టింది 2020లో, కాబట్టి పాత చట్టం కిందే అడగండి. పింఛన్ రూల్స్ కింద ఒక గ్రాట్యుటీ, ఈ చట్టం కింద ఇంకొకటి అని రెండూ రావు. రేపు ఆర్డరు కొట్టేసి ఆ రూల్స్ ప్రకారం ఎక్కువ వస్తే తేడా అడగవచ్చు.

ఇక డిస్మిస్ ఆర్డరు సంగతి. మీ ఉత్తరం మొత్తంలో నన్ను ఆపేసిన వాక్యం సదరం సర్టిఫికెట్ గురించి రాసినది. ఆ సర్టిఫికెట్ తేదీ 2019 సెప్టెంబర్. డిస్మిస్ ఆర్డరు 2020 ఆగస్టు. అంటే ఆయన 70 శాతం వికలాంగుడని ప్రభుత్వ డాక్టర్లే రాసి ఇచ్చిన పదకొండు నెలలకు, డ్యూటీకి రాలేదని ఉద్యోగం తీసేశారు.

2016 వికలాంగుల హక్కుల చట్టంలో సెక్షన్ 20(4) ఉంది. ఉద్యోగంలో ఉండగా వైకల్యం వస్తే ఆ మనిషిని తీసెయ్యకూడదు, హోదా తగ్గించకూడదు. పాత పనికి పనికిరాకపోతే అదే జీతంతో వేరే పని ఇవ్వాలి. ఇచ్చే పని లేకపోతే అదనపు పోస్టు సృష్టించి, పదవీ విరమణ వయసు వచ్చేదాకా అందులో ఉంచాలి. ఈ చట్టం చెప్పే ప్రభుత్వ సంస్థల్లో స్థానిక సంస్థలు కూడా ఉన్నాయి. చీపురు పట్టలేని మనిషికి మస్తరు దగ్గర కూర్చునే పని ఇవ్వడమో, ఏ పనీ లేకుండా జీతం ఇవ్వడమో మున్సిపాలిటీ బాధ్యత. దీనికి ముందున్న 1995 వికలాంగుల చట్టంలోనూ ఇదే నిబంధన ఉండేది. దాని కింద కునాల్ సింగ్ కేసులో 2003లో, భగవాన్ దాస్ కేసులో 2008లో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. భగవాన్ దాస్ పంజాబ్ విద్యుత్ బోర్డు ఉద్యోగి, చూపు పోయింది. తానే ఉద్యోగం వదిలేస్తానని కాగితం పెట్టాడు. అయినా ఆయన హక్కు ఆయనకు చెప్పకుండా ఆ కాగితాన్ని అడ్డం పెట్టుకున్నందుకు కోర్టు అధికారులను తప్పుపట్టింది. తానే రాసిచ్చినవాడికే న్యాయం జరిగితే, ఏమీ రాసివ్వని మీ ఆయనకు ఎందుకు జరగకూడదు? మీ వకీలు పిటిషన్‌లో మొదటి పేజీలోనే ఈ పాయింటు పెట్టాలి. చివర్లో ఎక్కడో ఒక పేరాగా కాదు.

రెండో బలం విచారణ. ఏడాదికి మించి అనుమతి లేకుండా రాకపోతే రాజీనామా చేసినట్టే అన్న రూలు ఒకటి చూపిస్తారు. ఆ రూలు కింద కూడా సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇచ్చి తీరాలి. సెలవు దాటి రాలేదు కాబట్టి ఉద్యోగం దానంతటదే పోయింది అనడం చెల్లదని సుప్రీంకోర్టు జయశంకర్ కేసులో 1966లోనే తేల్చింది. రాకపోవడం వేరు, కావాలని రాకపోవడం వేరు. కావాలని రాలేదని రుజువు చేస్తేనే అది తప్పు అవుతుందని 2012లో కృష్ణకాంత్ పర్మార్ కేసులో చెప్పింది. మంచం మీద ఉన్న మనిషి కావాలని మానేశాడని ఎవరు రుజువు చేయగలరు?

మన రాష్ట్రంలో క్రమశిక్షణ చర్యలకు 1991 సీసీఏ రూల్స్ ఉన్నాయి. డిస్మిస్ లాంటి పెద్ద శిక్ష వెయ్యాలంటే అభియోగాల పత్రం ఇవ్వాలి, జవాబు తీసుకోవాలి, విచారణ జరపాలి, విచారణ నివేదిక కాపీ ఇచ్చి దాని మీద కూడా మాట చెప్పుకోనివ్వాలి. ఈ చివరి సంగతి సుప్రీంకోర్టు 1993లో స్థిరపరిచింది మన హైదరాబాద్ ఈసీఐఎల్ ఉద్యోగి కరుణాకర్ కేసులోనే. మీ ఆర్డరులో “విచారణాధికారి నివేదికను పరిశీలించిన మీదట” అని రాశారు. ఆ నివేదిక మీకు ఎప్పుడూ ఇవ్వలేదు. నోటీసు కూడా మీరు లేని ఇంటికి అంటించారు. ప్రభుత్వ ఉద్యోగిని విచారణ లేకుండా తీసెయ్యకూడదనే రాజ్యాంగం 311వ అధికరణం గురించి కొందరు చెబుతారు, మున్సిపల్ ఉద్యోగికి అది నేరుగా వర్తిస్తుందా లేదా అన్న గొడవలోకి పోనక్కర్లేదు. ఈ రూల్సే మీకు చాలు.

మామూలుగా ఇలాంటి కేసుల్లో కోర్టు ఆర్డరు కొట్టేసి, మళ్లీ సరిగ్గా విచారణ చెయ్యమని వెనక్కి పంపుతుంది. మీ విషయంలో అది కుదరదు. మనిషే లేడు. చనిపోయినవారి మీద క్రమశిక్షణ విచారణ సాగదు. ఆర్డరు పోయిందంటే ఆయన ఉద్యోగంలో ఉండగా మరణించినట్టే లెక్క.

బలహీనత కూడా చెప్పాలి. ఆలస్యం. సీసీఏ రూల్స్ ప్రకారం అప్పీలుకు మూడు నెలల గడువు, మీరు రెండు నెలల్లోనే పంపారు, చాలా మంచి పని చేశారు. కానీ అప్పీలు తేల్చకుండా ఆరు నెలలు గడిస్తే అప్పటి నుంచే కోర్టుకు వెళ్లే కాలం మొదలవుతుందని సుప్రీంకోర్టు ఎస్.ఎస్. రాథోడ్ కేసులో 1989లో చెప్పింది. మళ్లీ మళ్లీ వినతిపత్రాలు ఇస్తే పాత కేసు కొత్తదై పోదని 2008లో ఇంకో తీర్పు ఉంది. గ్రీవెన్సు అంటూ అర్జీలు ఇచ్చుకుంటూ తిరగడం మాకూ కనిపిస్తూనే ఉంటుంది. అర్జీకి అర్జీ కలిసినంత మాత్రాన గడువు పెరగదు. రిట్ పిటిషన్‌కు (అధికారుల ఆర్డరు మీద నేరుగా హైకోర్టులో వేసే కేసు) రోజుల లెక్కన గడువు లేదు గానీ, ఎందుకు ఆలస్యమైందో కోర్టుకు నమ్మకంగా చెప్పాలి. కోవిడ్ వల్ల 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 వరకు కాలాన్ని గడువుల లెక్కలోంచి సుప్రీంకోర్టే తీసేసింది. ఆ తర్వాత కాలానికి ఆయన ఆసుపత్రి చీటీలు, మందుల బిల్లులు, మరణ ధ్రువపత్రం పెట్టండి. అప్పీలు పంపిన రిజిస్టరు పోస్టు రసీదు, ఎర్ర అక్నాలెడ్జ్‌మెంటు కార్డు దొరికితే అవి ప్రాణం లాంటివి. ఉద్యోగుల కేసులు చూసే పరిపాలనా ట్రిబ్యునల్ ఇప్పుడు లేదు, నేరుగా అమరావతిలోని హైకోర్టుకే వెళ్లాలి. తెలంగాణలో ఇలాంటి ఇబ్బందిలో ఉన్నవారు హైదరాబాద్ హైకోర్టుకు వెళ్లాలి, గ్రాట్యుటీ చట్టం రెండు చోట్లా ఒక్కటే.

ఆర్డరు కొట్టేస్తే ఏమొస్తుంది? ఆయన 2004 సెప్టెంబర్ 1కి ముందు రెగ్యులర్ పోస్టులో ఉన్నారు కాబట్టి పాత పింఛను కిందికే వస్తారు. మీకు ఫ్యామిలీ పింఛను వస్తుంది, మొదట కొన్నేళ్లు ఎక్కువ రేటున, తర్వాత చివరి జీతంలో 30 శాతం, దాని మీద కరువు భత్యం. దాచుకున్న ఆర్జిత సెలవులకు 300 రోజులకు మించకుండా డబ్బు వస్తుంది. 2020 నుంచి చనిపోయేదాకా జీతం బకాయి మొత్తం ఇస్తారా అన్నది కోర్టు చేతిలో ఉంటుంది. అన్యాయంగా తీసేస్తే వెనక జీతం ఇవ్వడమే మామూలు పద్ధతి అని దీపాలీ గుండు సుర్వసే కేసులో 2013లో చెప్పారు. కానీ స్థానిక సంస్థల కేసుల్లో, ఆలస్యం ఉన్నప్పుడు, కొంత కోత పెట్టడం కూడా జరుగుతుంది. పూర్తి బకాయి మీద ఆశ పెట్టుకుని అప్పులు చెయ్యకండి. ఫ్యామిలీ పింఛను మీద గురి పెట్టండి, బతికినన్నాళ్లూ వచ్చేది అదే.

ఇంకో దారి కూడా ఉంది, చాలామందికి తెలియదు. డిస్మిస్ అయినవారికి కూడా, కేసు జాలి చూపదగినదైతే, రావలసిన పింఛనులో మూడింట రెండు వంతులకు మించకుండా కారుణ్య భత్యం ఇవ్వవచ్చని పింఛన్ రూల్స్‌లో ఉంది. ఢిల్లీ పోలీసు శాఖలో 24 ఏళ్లు పనిచేసి గైర్హాజరు వల్ల డిస్మిస్ అయిన మహీందర్ దత్ శర్మకు ఈ భత్యం తిరస్కరిస్తే సుప్రీంకోర్టు 2014లో మళ్లీ పరిశీలించమంది. అవినీతి, మోసం లాంటి మచ్చ లేని కేసుల్ని వేరుగా చూడాలని చెప్పింది. దీన్ని రిట్‌లో ప్రత్యామ్నాయంగా మాత్రమే అడగండి. “డిస్మిస్ ఆర్డరుపై మా హక్కులకు భంగం లేకుండా” అన్న మాట లేకుండా దీనికోసం విడిగా దరఖాస్తు ఇచ్చారో, తీసెయ్యడం సరైనదేనని మీరే ఒప్పుకున్నారంటారు.

మీ అబ్బాయి ఉద్యోగం సంగతి మీరు అడగలేదు, కానీ దానికి గడువుంది. కారుణ్య నియామకానికి మరణించిన ఏడాదిలోపు దరఖాస్తు పెట్టాలి. ఎనిమిది నెలలు అయిపోయాయి. ఇప్పుడు తిరస్కరిస్తారు, తిరస్కరించనివ్వండి. కేసు గెలిచిన రోజున “ఏడాదిలో అడగలేదు” అన్న మాట పడకుండా ఉండటానికే ఈ దరఖాస్తు. రిజిస్టరు పోస్టులో పంపండి.

ఆప్కాస్ పని పోతుందన్న మీ భయాన్ని కొట్టిపారెయ్యను. ఔట్‌సోర్సింగు కార్మికురాలికి రక్షణ తక్కువ, అది నిజం. ఫ్యామిలీ పింఛను మీకే రావాలి కాబట్టి రిట్‌లో మీ పేరు లేకుండా కుదరదు. కానీ ఆఫీసు చుట్టూ తిరిగే పని, సమాచార హక్కు దరఖాస్తు, కార్మిక శాఖ వాయిదాలు మీ అబ్బాయి చూసుకోవచ్చు. మీరు రోజూ వేసే హాజరు ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి, రేపు రాలేదని ఎవరూ రాయలేకుండా. మీ పట్టణంలో మున్సిపల్ కార్మికుల యూనియన్ ఉంటే కేసు వెయ్యకముందే వాళ్లకు చెప్పండి. పది మందికి తెలిసిన మనిషిని చప్పుడు చెయ్యకుండా తీసెయ్యడం కష్టం.

సమాచార హక్కు కింద ఆయన సర్వీసు రిజిస్టరు, అభియోగ పత్రం, నోటీసు అంటించిన పంచనామా, విచారణ నివేదిక, అప్పీలు ఫైలు మీద రాసుకున్న నోట్‌షీట్లు, నామినేషన్ కాగితం అడగండి. తెల్ల రేషన్ కార్డు ఉంటే ఫీజు లేదు, కార్డు జిరాక్సు జత చెయ్యండి. 30 రోజుల్లో ఇవ్వాలి. ఈ కాగితాల కోసమని గ్రాట్యుటీ దరఖాస్తు మాత్రం ఆపకండి.

వకీలు ఖర్చు గురించి దిగులొద్దు. మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 చట్టం చెబుతోంది. మీ జిల్లా కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది, అక్కడ కాగితం ఇస్తే హైకోర్టు కమిటీకి పంపిస్తారు. 15100కి ఫోన్ చేసినా చెబుతారు. వెళ్లేటప్పుడు సదరం సర్టిఫికెట్, డిస్మిస్ ఆర్డరు, పోస్టు రసీదు జిరాక్సులు మూడేసి సెట్లు తీసుకెళ్లండి. ఒరిజినల్స్ వకీలు అడిగినా చూపించి వెనక్కి తెచ్చుకోండి.